1939 రూపాయి: వెండి అసలుదే, నాణెం మాత్రం నకిలీది

హన్మకొండలో ఉంటున్న ఒక రిటైర్డ్ హెడ్మాస్టర్ ఆన్‌లైన్ వేలంలో 78,500 రూపాయలు పెట్టి నాలుగు నాణేల లాట్ ఒకటి కొన్నారు. పార్సిల్ అందిన తర్వాత ఆయనకు అనుమానం వచ్చి, వాటిని పరీక్షించి రాతపూర్వకంగా నివేదిక ఇవ్వమని నన్ను అడిగారు. పాత నాణేలను పరీక్షించి విలువ కట్టడం నా వృత్తి. నా దగ్గరికి వచ్చే నకిలీల్లో ఎక్కువ భాగం చేతిలోకి తీసుకోగానే తెలిసిపోతాయి. ఈ లాట్ అలాంటిది కాదు. కొన్నవారు అజాగ్రత్తగా కొనలేదు, బిడ్ వేసే ముందు ఒక జాగ్రత్తపరుడు చూసుకోవలసినవన్నీ చూసుకునే వేశారు. అయినా మోసపోయారు. అందుకే ఈ కేసును మొదటి నుంచి చివరి దాకా రాయాలనిపించింది. ఆయన అనుమతితోనే రాస్తున్నాను. పేర్లు, వేలం సైటు వివరాలు ఇవ్వడం లేదు.

ముందుగా ఒక తేడా చెప్పాలి. మన వైపు నాణేల మోసం అనగానే అందరికీ గుర్తొచ్చేది రైస్ పుల్లింగ్. 1818 అని, ఈస్టిండియా కంపెనీ అని రాసి, హనుమంతుడి బొమ్మో రాముడి దర్బారో ఉన్న రాగి బిళ్ళలను బియ్యం గింజలను లాగే మహిమ గలవని నమ్మించి లక్షలు గుంజుతారు. కంపెనీ అలాంటి నాణేలను ఎన్నడూ ముద్రించలేదు. 1818లో కంపెనీకి దేశమంతటికీ ఒకే రకం నాణెం కూడా లేదు, అది 1835లో వచ్చింది. ఇంకో రకం మోసంలో మన దగ్గరున్న పాత నోటును, నాణేన్ని లక్షలకు కొంటామని చెప్పి, కమీషన్ అని, పన్ను అని ముందే డబ్బు కట్టించుకుంటారు. రిజర్వ్ బ్యాంకు పేరు వాడి ఇలా చేస్తున్నారని 2021 ఆగస్టులో ఆ బ్యాంకే ప్రజలను హెచ్చరించింది. ఈ రెండూ ఆశ మీద నడిచే మోసాలు. హెడ్మాస్టర్ గారి కేసులో ఆశకు చోటు లేదు. ఆయన ఏళ్ళ తరబడి జార్జ్ రాజుల బొమ్మ ఉన్న రూపాయలను సంవత్సరాల వారీగా కూడబెడుతున్నారు. ఆ వరుసలో ఒక్క 1939 గడి ఖాళీగా ఉంది.

లాట్‌లో ఏముంది

మొదటిది 1939 బొంబాయి టంకశాల రూపాయి, ఆరవ జార్జ్ బొమ్మతో, నాణేలు అసలువేనా అని చూసి వాటి స్థితికి గ్రేడు ఇచ్చే అమెరికా గ్రేడింగ్ సంస్థ ఒకదాని ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి ఉంది. లేబుల్ మీద సర్టిఫికెట్ నంబరు, ఎంఎస్ 62 అన్న గ్రేడు ఉన్నాయి. ఎంఎస్ అంటే చలామణీలో అరగని నాణెం అని. మిగతా మూడూ ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు చార్మినార్ రూపాయలు, పెట్టెలేవీ లేకుండా విడిగా వచ్చాయి. లాట్ వివరణలో ఇవన్నీ ఓరుగల్లులోని ఒక పాత కుటుంబం సేకరణ అని రాశారు. ఈ మాట మన ప్రాంతంలో బాగా పనిచేస్తుంది. కోటిలింగాలలోనూ, పెద్దబంకూరులోనూ శాతవాహనుల నాణేలు నిజంగానే తవ్వకాల్లో దొరికిన నేల ఇది. పొలంలో దొరికిందని, తాతల నాటి పెట్టెలో ఉందని ఎవరైనా చెబితే వినేవారికి అది అబద్ధమనిపించదు. కానీ నాణెం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే కాగితం, పాత ఫొటో, పాత బిల్లు వంటిది ఏదీ ఈ లాట్‌తో రాలేదు. ఆధారం లేని కుటుంబ కథను పరీక్షలో నేను పరిగణించను.

1939కి అంత గిరాకీ ఎందుకు

బ్రిటిష్ ఇండియా వెండి రూపాయి బరువు 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. అది సరిగ్గా పాత తులం. ఇప్పుడు బంగారం దుకాణాల్లో లెక్కవేసే 10 గ్రాముల తులంతో దీన్ని కలపకూడదు. నూటికి 91.67 పాళ్ళు వెండి, మిగతాది రాగి. విక్టోరియా కాలం నుంచి ఈ ప్రమాణం మారలేదు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక వెండికి కటకట ఏర్పడి, 1940 నుంచి రూపాయిలో వెండిని సగానికి తగ్గించి, మిగతా సగంలో రాగి, నికెల్, జింకు కలిపారు. కాబట్టి పాత ప్రమాణం ప్రకారం వచ్చిన ఆఖరి రూపాయి 1939ది. మేలిమి ఎక్కువున్న పాత రూపాయలను ప్రభుత్వం చలామణీ నుంచి వెనక్కి తీసుకున్నది కూడా ఆ యుద్ధకాలంలోనే. 1939 తేదీ ఉన్నవి చాలా కొద్దిగా మిగిలాయి. 1938 రూపాయి ఏ సేకరణదారు దగ్గరైనా కనిపిస్తుంది. పక్క సంవత్సరానిది మాత్రం ధరలో దానికి ఎన్నో రెట్లు.

ఇంత తేడా ఉన్న చోట నకిలీలు పుట్టక మానవు. పాత పద్ధతిలో 1938లోని 8ని చెక్కి 9గా మార్చేవారు. దాన్ని పట్టుకోవడం సులువు. భూతద్దం కింద అంకె చుట్టూ లోహం గీకిన చాళ్ళు కనిపిస్తాయి, 9 తోక మిగతా అంకెల ఎత్తులో ఉండదు. 1940 తర్వాతి రూపాయి తేదీని మార్చితే ఇంకా సులువు, ఎందుకంటే వాటి అంచు వేరు. 1939 దాకా అంచు చుట్టూ నిలువు గీతలు మాత్రమే ఉంటాయి. 1940 నుంచి అంచు మధ్యలో నగిషీ గాడి ఒకటి వచ్చింది. హెడ్మాస్టర్ గారికి ఇవన్నీ తెలుసు. బిడ్ వేసే ముందు లేబుల్ మీది నంబరును గ్రేడింగ్ సంస్థ వెబ్‌సైటులో కొట్టి చూశారు. నంబరు నిజమే, అది 1939 రూపాయిదే, గ్రేడు కూడా కలిసింది. సంస్థ రికార్డులోని ఫొటో, వేలంలో పెట్టిన ఫొటో ఒకే నాణేనివి. ఇంతకంటే ఏ కొనుగోలుదారు మాత్రం ఏం చూస్తారు?

పెట్టె తెరవక ముందు

సీలు వేసిన పెట్టెతో నకిలీ వస్తే పరీక్షించేవారికి ఇబ్బంది ఉంది. లోపలి నాణేన్ని తూచలేము, అంచు పూర్తిగా చూడలేము. పెట్టె పగలగొడితే, మీరే నాణెం మార్చారని విక్రేత అనడానికి అవకాశం ఇచ్చినట్టవుతుంది. అందువల్ల పెట్టె మూసి ఉండగానే తేల్చగలిగినదంతా తేల్చి, దాన్ని ఫొటోలతో నమోదు చేశాకే ముందుకు వెళ్ళాలని ఇద్దరం అనుకున్నాం. హెడ్మాస్టర్ గారి అబ్బాయి పార్సిల్ విప్పుతున్నప్పుడు కొరియర్ చిరునామా చీటీ కనిపించేలా మొదటి నుంచి ఆగకుండా వీడియో తీసి పెట్టాడు. ఈ కేసులో ఆ వీడియో ఎంత పనికొచ్చిందో ముందు ముందు తెలుస్తుంది.

గ్రేడింగ్ సంస్థ రికార్డులోని ఫొటోను పెద్దది చేసి, చేతిలో ఉన్న నాణెం ఫొటోను అదే వెలుతురు కోణంలో తీసి పక్కపక్కన పెట్టాను. రికార్డులోని నాణేనికి రాజు కిరీటం వెనుక ఖాళీ జాగాలో గోధుమ రంగు మచ్చ ఉంది, గడ్డం ముందు రెండు చిన్న నొక్కులున్నాయి. చేతిలోని నాణెం మీద ఇవేవీ లేవు. రంగు మచ్చను కడిగి పోగొట్టవచ్చు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. లోహంలో పడిన నొక్కును మాత్రం ఎవరూ కడిగి పోగొట్టలేరు. ఇదొక్కటే చాలు, లేబుల్ చెబుతున్న నాణెం పెట్టెలో ఉన్న నాణెం కాదని. ఇక చేతిలోని నాణెం మీద రాజు చెవి కింద, మెడకు అడ్డంగా సన్నని గాటు ఒకటి ఉంది. రికార్డు ఫొటోలో ఆ గాటు లేదు. సీలు వేసిన పెట్టెలో ఉన్న నాణేనికి కొత్తగా గాటు పడటం జరగని పని.

పెట్టెను కూడా చూశాను. లేబుల్ మీది అక్షరాల అంచులు నా దగ్గరున్న అదే సంస్థ అసలు పెట్టెతో పోలిస్తే కొంచెం బొద్దుగా ఉన్నాయి. రెండు ప్లాస్టిక్ ముక్కలు కలిసే అతుకు ఒకవైపు పల్చగా, మరోవైపు పొంగి ఉంది. ఇలాంటి గమనికలను నివేదికలో అనుబంధంగానే రాస్తాను. సంస్థలు పెట్టెల నమూనాలను కాలానుగుణంగా మారుస్తుంటాయి, ఒక్క పెట్టెతో పోల్చి తీర్పు చెప్పడం సరికాదు.

వేలం ఎలా జరిగిందో దీంతో అర్థమైంది. ఎక్కడో ఎవరి దగ్గరో భద్రంగా ఉన్న ఒక అసలు నాణెం తాలూకు నంబరును, ఫొటోను గ్రేడింగ్ సంస్థ బహిరంగ రికార్డు నుంచి తీసుకుని, ఆ నంబరుతో లేబుల్ అచ్చువేసి, నకిలీ పెట్టెలో నకిలీ నాణేన్ని బిగించి పంపారు. కొనేవారు సరిచూసుకోవడానికి పెట్టిన రికార్డునే మోసానికి సరంజామాగా వాడుకున్నారు. నంబరు సరిపోయిందన్నది ఇక మీదట మొదటి మెట్టు మాత్రమే. చేతికొచ్చిన నాణెం మీది గుర్తులు రికార్డు ఫొటోతో కలిశాయా అన్నదే అసలు పరీక్ష, అది పార్సిల్ వచ్చిన రోజే జరగాలి.

పెట్టె తెరిచాక

ఈ ఆధారాలతో హెడ్మాస్టర్ గారు వేలం సైటుకు ఫిర్యాదు పెట్టారు. సర్టిఫికెట్ నంబరు సరైనదే కాబట్టి నాణెం అసలుదేనని మొదటి జవాబు వచ్చింది. ఫొటోల తేడా మళ్ళీ చూపిస్తే, నాణెం నకిలీదని నిపుణుడి నివేదిక కావాలన్నారు. పెట్టె తెరిస్తే తప్ప పూర్తి నివేదిక ఇవ్వలేనని, ఫలానా తేదీన వీడియో తీస్తూ తెరుస్తున్నామని, అభ్యంతరం ఉంటే అంతకు ముందే చెప్పమని మెయిల్ పంపించాం. అభ్యంతరం ఏదీ రాలేదు. ఆ తర్వాతే తెరిచాం.

బరువు 11.63 గ్రాములు. అసలు రూపాయికి ఇది ఏమాత్రం తప్పు కాదు. వ్యాసం సరిపోయింది. తర్వాత నీటిలో తూచాను. నీటిలో తగ్గిన బరువు 1.12 గ్రాములు, అంటే సాంద్రత 10.38. పాత ప్రమాణపు రూపాయికి లెక్క ప్రకారం రావలసింది 10.34. నగల పనిలో వాడే 92.5 శాతం వెండికైతే 10.36. ఈ రెంటి మధ్య తేడా ఎంత తక్కువంటే, రెండు దశాంశాల త్రాసు మీద నీటిలో 0.01 గ్రాము అటూ ఇటూ అయినా ఫలితం 10.29 నుంచి 10.48 దాకా ఎక్కడైనా పడవచ్చు. కాబట్టి సాంద్రత పరీక్ష ఇక్కడ చేతులెత్తేసింది. రాయి మీద మోగించి చూసే మన పెద్దల పరీక్ష కూడా అంతే, వెండి వెండిలాగే మోగుతుంది. తూకం, మోత, సాంద్రత మూడూ అడిగేది ఒక్కటే, లోహం ఏమిటని. నకిలీ తయారుచేసినవాడు అసలు వెండినే వాడితే ఈ మూడింటికీ ఒకే జవాబు వస్తుంది, నాణెం ఎవరు ముద్రించారన్నది తేలకుండానే ఉండిపోతుంది. తూకం సరిపోయింది కదా అని కొనేసి నా దగ్గరికి వచ్చేవారికి నేను చెప్పేది ఇదే. నాణెం విలువ లోహంలో లేనప్పుడు లోహాన్ని పరీక్షించి ఆగిపోకూడదు. ఇరవై ముప్ఫై రెట్ల ధర వస్తుందంటే తులం వెండి ఖర్చుపెట్టడానికి నకిలీదారు వెనకాడడు.

హాల్‌మార్కింగ్ సెంటర్‌లో ఎక్స్‌రే యంత్రం మీద చూపిస్తే వెండి 92.6, రాగి 6.9, జింకు 0.4 వచ్చింది. అదే యంత్రం మీద, అదే పూట, నా దగ్గరున్న 1938 రూపాయిని కూడా పెట్టించాను. దానికి వెండి 92.1, రాగి 7.5 వచ్చి, మిగిలిన కొద్దిలో సీసం, బంగారం జాడలు కనిపించాయి. అసలుది కూడా 91.67 చూపించలేదేమని ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆ యంత్రం పైపొరనే చదువుతుంది. ఏళ్ళు గడిచిన వెండి నాణెం పైపొరలో రాగి కొంత పోయి వెండి పాలు ఎక్కువగా కనిపించడం మామూలే. కాబట్టి 92.6 అన్న అంకెను పట్టుకుని నకిలీ అనలేం. గమనించవలసింది జింకు. కొత్తగా కరిగించిన నగల వెండిలో జింకు కలపడం ఉంది, పాత ప్రమాణపు రూపాయి వెండి రాగులతో మాత్రమే చేసింది. సీసం, బంగారం జాడలు అసలే లేకపోవడం కూడా ఈ లోహం ఈ మధ్య శుద్ధి చేసినదని సూచిస్తోంది. సూచిస్తోంది అనే రాశాను, రుజువైంది అని రాయలేదు.

అంచు గీతలను 1938 రూపాయి అంచుతో సరిపోల్చాను. నకిలీ గీతల అడుగు గుండ్రంగా ఉంది, గీతకూ గీతకూ మధ్య దూరం ఒకచోట ఇరుకుగా, ఇంకోచోట వెడల్పుగా ఉంది. టంకశాలలో నాణెం మీద అచ్చు పడే క్షణంలోనే చుట్టూ ఉన్న ఉక్కు వలయం అంచు గీతలను కొడుతుంది, అందుకే అవి చుట్టూతా ఒకే తీరుగా ఉంటాయి. వెనుకవైపు అడుగున పద్మం కింద ఉండవలసిన బొంబాయి చుక్క ఉంది గానీ, దాని అంచు మెత్తగా చదునులోకి కలిసిపోయింది.

ఇక చెవి కింది గాటు. నిజంగా ఏదైనా తగిలి నాణెం మీద గాటు పడితే, తోసుకుపోయిన లోహం గాటు ఒడ్డున సన్నని గట్టులా లేస్తుంది, గాటు అడుగున మెరుపు తెగిపోతుంది. ఈ గాటుకు గట్టు లేదు. దాని అడుగున ఉన్న మెరుపు చుట్టుపక్కల మెరుపుతో కలిసి, నాణేన్ని దీపం కింద తిప్పితే ఏ అడ్డూ లేకుండా పారింది. అంటే ఈ గాటు ఈ నాణేనికి తగిలిన దెబ్బ కాదు, అచ్చులోనే ఉంది. ఏదో ఒక అసలు 1939 రూపాయి నుంచి అచ్చు తీసినప్పుడు, ఆ రూపాయి మెడ మీదున్న గాటు కూడా అచ్చులోకి వచ్చేసింది. ఆ అచ్చుతో కొట్టిన ప్రతి నాణెం మీదా అదే చోట, అదే పొడవున, అదే వంపుతో గాటు ఉండాలి.

జగిత్యాల నాణెం

నా అంచనా నిలబడాలంటే ఆ గాటు ఉన్న ఇంకొక నాణెం కనబడాలి. ఉత్తర తెలంగాణ జిల్లాల్లో నాకు తెలిసిన సేకరణదారులకు గాటు ఫొటో పంపి, తమ దగ్గరి 1939 రూపాయిని ఒకసారి చూడమని అడిగాను. జగిత్యాల నుంచి ఒకరు తమ నాణేన్ని తీసుకుని స్వయంగా వచ్చారు. అది పెట్టె లేకుండా విడిగా, అదే సైటులో చూసి, వేరే ఖాతా విక్రేత నుంచి, అంతకు ముందే కొన్నది. దాని మీద నల్లని పొర పట్టించి, బాగా వాడినట్టు కనబడేలా చేశారు. రెండింటినీ సూక్ష్మదర్శిని కెమెరా కింద ఒకదాని పక్కన ఒకటి పెట్టాం. చెవి కింద గాటు రెండింటి మీదా ఒకే చోట ఉంది. కింగ్ అన్న ఇంగ్లీషు మాటలో మూడో అక్షరం పాదం దగ్గర సూది మొన అంత గుంట కూడా రెండింటికీ ఉంది.

రెండు నాణేలకు వేర్వేరు జీవితాలుంటాయి. అవి వేర్వేరు జేబుల్లో, వేర్వేరు పెట్టెల్లో తిరిగి, వేర్వేరు చోట్ల దెబ్బలు తింటాయి. ఒకే దెబ్బ రెండు నాణేల మీద అచ్చుగుద్దినట్టు ఉండటానికి వేరే వివరణ లేదు. నివేదికలో జింకు గురించీ, అంచు గురించీ రాసినవన్నీ కలిపినా ఈ ఒక్క ఫొటోకు సాటి రావు. ఇది చూడటానికి రసాయన శాస్త్రం తెలియనవసరం లేదు. ఫిర్యాదును పరిశీలించే అధికారి నాణేల సంగతి ఏమీ తెలియనివారైనా రెండు ఫొటోలు చూసి అర్థం చేసుకోగలరు.

జగిత్యాల నుంచి వచ్చినాయన తన నాణెం కూడా నకిలీదని తేలుతుందని తెలిసే తెచ్చారు. చాలామంది సేకరణదారులు ఆ పని చేయరు. తమ దగ్గరున్నది నకిలీదని బయటపడితే డబ్బుతో పాటు పరువూ పోతుందని దాచుకుంటారు, కొందరు మౌనంగా మరొకరికి అమ్మేస్తారు. నకిలీల వ్యాపారం నిలబడుతున్నది ఎక్కువగా ఆ మౌనం మీదే. ఆయన రాకపోతే నా నివేదిక ఒక వ్యక్తి అభిప్రాయంగానే మిగిలేది.

చార్మినార్ రూపాయలు

ఈ మూడింటిలో రెండు అసలువి. 0.818 మేలిమి, 11.178 గ్రాముల ప్రమాణానికి దగ్గరగా తూగాయి, సాంద్రత 10.2 వచ్చింది. ఒకదాని పైభాగంలో పాత టంకం జాడ ఉంది. దండలో కొండి వేసి ధరించి, తర్వాత ఊడదీసి నునుపు చేసిన నాణెం అది. మన తండాల్లోనూ, పల్లెల్లోనూ రూపాయి బిళ్ళలను నగల్లో వాడటం ఉంది కాబట్టి ఇలాంటివి తరచు వస్తాయి. విలువ తగ్గుతుంది గానీ నాణెం నిజమైనదే. వివరణలో ఈ సంగతి రాయకపోవడం మాత్రం తప్పు.

మూడోది పోత నాణెం. బరువు 10.42 గ్రాములు, సాంద్రత 8.61. అంటే వెండి పూత వేసిన మరో తెల్ల లోహం. దాన్ని కరీంనగర్‌లో వెండి తీగపని చేసే ఒక కళాకారుడికి చూపించాను. ఆయన భూతద్దం కూడా అడగలేదు. అంచును గోటితో ఒకసారి తడిమి, "ఇది కొట్టింది కాదు సార్, పోసింది. నాళం తెంపిన జాగ ఆకురాయితోటి రాకిన్రు, సూడుండ్రి" అని చూపించారు. కరిగిన లోహం మూసలోకి పోసిన నాళాన్ని తెంపిన ఆ చోట అంచు గీతలు లేకుండా చదునుగా ఉంది.

నాణెం మీది రాత కూడా తప్పు చెప్పింది. ముందువైపు చార్మినార్ కింద హిజ్రీ 1337 ఉంది, అంటే 1918-19. వెనుకవైపు పాలనా సంవత్సరం 13 ఉంది. ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కింది 1911 ఆగస్టులో, హిజ్రీ 1329 రంజాన్ నెలలో. ఆ లెక్కన 1337 తేదీ ఉన్న నాణెం మీద పాలనా సంవత్సరం 8 గానీ 9 గానీ ఉండాలి. 13వ ఏడు 1923లో గానీ మొదలు కాదు. ముందువైపు మూసను ఒక నాణెం నుంచీ, వెనుకవైపు మూసను ఇంకో నాణెం నుంచీ తీశారు. పర్షియన్ అంకెలు చదవడం రానివారు చేసిన పని ఇది. నిజాం రూపాయలు కొనేవారు ఆ పది అంకెలూ నేర్చుకుని, రెండు సంవత్సరాలూ ఒకదానితో ఒకటి కుదురుతున్నాయా అని చూసుకుంటే ఇలాంటి వాటిని ఫొటోలోనే పట్టుకోవచ్చు.

రెండు అసలు నాణేలను లాట్‌లో ఎందుకు కలిపారన్న ప్రశ్నకు నా జవాబు ఇది. పార్సిల్ విప్పినవారు మామూలుగా ముందు చూసేది పెట్టె లేని నాణేలను. అవి చేతికి అసలువిగా తోస్తే, సీలు పెట్టెలో ఉన్న దాని మీద అనుమానం రాదు.

వేలం రికార్డు

ఈ లాట్ బిడ్ల చరిత్రను హెడ్మాస్టర్ గారు ముందే స్క్రీన్‌షాట్ తీసి ఉంచారు. ఆయనతో చివరిదాకా పోటీపడ్డ రెండు ఖాతాలు అంతకు ముందు ఏమీ కొనలేదు. రెండూ ధరను మెట్టు మెట్టుగా పెంచి, ఆఖరి నిమిషాల్లో ఆగిపోయాయి. ఇవి విక్రేత తరఫువే అని నేను నివేదికలో రాయలేదు, రాయడానికి ఆధారం సైటు దగ్గర మాత్రమే ఉంటుంది. ఆ రెండు ఖాతాలను పరిశీలించమని మాత్రం ఫిర్యాదులో కోరాం.

డబ్బు తిరిగి రావడం

వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద వచ్చిన 2020 ఈ-కామర్స్ నిబంధనలు ఇక్కడ ఉపయోగపడ్డాయి. ఈ-కామర్స్ సంస్థకు ఫిర్యాదుల అధికారి ఉండాలి, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెల లోపల పరిష్కరించాలి. వస్తువు నకిలీదైతే వెనక్కి తీసుకోనని విక్రేత అనడానికి వీల్లేదు. సైటు మొదట తన వాపసు గడువు దాటిపోయిందని వాదించింది. నకిలీ వస్తువు విషయంలో ఆ గడువు వర్తించదని నిబంధనను చూపుతూ, మామూలు కస్టమర్ కేర్‌కు కాకుండా ఫిర్యాదుల అధికారికే రాయించాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లోనూ, సైబర్ మోసాల నంబరు 1930లోనూ ఫిర్యాదులు నమోదు చేయించాం. కొన్నవారు నివసించే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళే హక్కు 2019 చట్టంలో ఉంది కాబట్టి, విక్రేత ఏ రాష్ట్రంలో ఉన్నా కేసు ఇక్కడే వేస్తామని కూడా తెలియజేశాం. కేసు వేయవలసిన అవసరం రాలేదు. పార్సిల్ విప్పిన వీడియో, మూసి ఉన్న పెట్టె ఫొటోలు, తెరిచినప్పటి వీడియో, జగిత్యాల నాణెంతో కలిపి తీసిన ఫొటో, ఈ నాలుగూ ఒకే ఫైలుగా వెళ్ళాక లాట్ ధర మొత్తం తిరిగి వచ్చింది. కొరియర్ ఖర్చు, పరీక్షల ఖర్చు రాలేదు. జగిత్యాల ఆయనకు మాత్రం ఏమీ రాలేదు. ఆయన నేరుగా యూపీఐలో విక్రేతకే డబ్బు పంపించి సైటు బయట బేరం ముగించుకున్నారు, పార్సిల్ విప్పినప్పటి రికార్డు కూడా ఏదీ లేదు. సైబర్ ఫిర్యాదు ఒక్కటే ఆయనకు మిగిలిన దారి, అది ఇంకా నడుస్తోంది.

డబ్బు వాపసు ఇవ్వడానికి సైటు పెట్టిన షరతు, లాట్ మొత్తాన్ని విక్రేతకు తిప్పి పంపాలని. ఇది నాకు చాలా బాధ కలిగించింది. నకిలీదని తేలిన నాణేన్ని తయారుచేసినవాడి చేతికో, అమ్మినవాడి చేతికో మళ్ళీ అందించడమంటే ఇంకో కొనుగోలుదారు దగ్గరికి పంపించినట్టే. విక్రేతకు కాకుండా పోలీసులకు అప్పగిస్తామని రాశాం, ఒప్పుకోలేదు. నాణెం మీద నకిలీ అని గుర్తు చెక్కి పంపుతామన్నాం, వస్తువును పాడుచేస్తే వాపసు ఉండదన్నారు. రిటైరైన మనిషికి 78,500 రూపాయలు చిన్న మొత్తం కాదు, షరతుకు ఒప్పుకోక తప్పలేదు. పంపించే ముందు 1939 నాణెం రెండు వైపులా, అంచు చుట్టూతా, గాటునూ, అక్షరం పాదం దగ్గరి గుంటనూ పెద్దవి చేసి ఫొటోలు తీసి, వరంగల్, కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాల్లో నాకు తెలిసిన సేకరణదారులందరికీ పంపాను.

ఆ తర్వాత కొంతకాలానికి, వేరే ఖాతా పేరుతో, పెట్టె లేకుండా, 1939 రూపాయి ఒకటి అదే సైటులో వేలానికి వచ్చిందని నిజామాబాద్ నుంచి ఒకరు లింకు పంపారు. ఫొటోను పెద్దది చేసి చూస్తే చెవి కింద గాటు ఉంది. మేము తిప్పి పంపినదేనా, అదే అచ్చులో కొట్టిన మరొకటా అన్నది ఫొటోను బట్టి తేల్చలేం. పాత ఫిర్యాదు నంబరుతో పాటు రెండు ఫొటోలను ఫిర్యాదుల అధికారికి పంపించాం. వేలం ముగియక ముందే ఆ లాట్‌ను సైటు తొలగించింది.